వెనక్కి తిప్పిన పొయ్యి పలక

అక్టోబరు 27, 1793

మా ఆయన మాన్సుయి నమూనాల పుస్తకంలో చివరి నలభై పేజీలు ఖాళీగా మిగిలిపోయాయి. ఆయన పోయి మూడేళ్లయింది కాబట్టి ఇక వాటిలో గీసేవాళ్లు లేరు. నేనే రాసుకుంటాను. వీధిలో ఎవరైనా తేదీ అడిగితే కొత్త ప్రభుత్వం పెట్టిన కేలండరు ప్రకారం బ్రూమేర్ ఆరు అని బుద్ధిగా చెప్తున్నాను. ఇది నా పుస్తకం. ఇందులో అక్టోబరు అక్టోబరే.

ఇవాళ ఎవ్ర్ వచ్చి మా పొయ్యి పలక తిప్పి వెళ్లాడు. రాజచిహ్నం ఉన్న ప్రతి ఇనుప పలకనీ బొమ్మ కనపడకుండా వెనక్కి తిప్పాలని పారిస్ ఆజ్ఞ. నెల రోజులు గడువు. ఎవ్ర్ మాన్సుయికి చిన్నాన్న కొడుకు, తాపీ మేస్త్రీ, ఊరి సభలో రాతకోతలు కూడా ఇప్పుడు అతనివే. గునపాలు వేసి ఇద్దరు మనుషులు పట్టి పెకిలిస్తే గానీ పలక ఊడి రాలేదు. అది ఊడుతున్నప్పుడు నేను కోళ్లకి గింజలు వేద్దామని పెరట్లోకి వెళ్లాను. పొద్దున వేసిన గింజలు ఇంకా అలాగే ఉన్నాయి.

ఇప్పుడు వంటింట్లో పొయ్యి వెనక బొమ్మ లేదు, ఇసుక గుంటలు పడ్డ బోసి ఇనుము ఉంది. సూపు మామూలుగానే ఉడికింది. మారిందేమీ లేదు.

అక్టోబరు 28

మారింది. పొద్దున్నే అత్తయ్య గదిలోంచి నవ్వు వినపడింది. డెబ్బై రెండేళ్ల మనిషి, ఆ నవ్వుకి దగ్గు కూడా వచ్చేసింది.

"ఏమే లిబేర్! ఆ గరిటె అక్కడ పడేసి ఇలా రా. మనింటికి ఎవరొచ్చారో చూద్దువుగాని!"

అల్మారా తలుపులు బార్లా తెరిచి, మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. లోపల, ఎండు ఆల్బుఖరాల బుట్ట వెనక, కిరీటం, కిరీటం కింద డాలు, డాలు మీద మూడు లిల్లీలు.

"జనవరిలో తల తీసేశారన్నారుగా. చూడు, కిరీటంతో సహా దిగాడు. పదిహేడేళ్లు మన వంటింటి పొగ మింగి మింగి, ఇవాళ్టికి నా గదిలో కొలువుదీరాడు!"

ఆ చట్టం రాసిన పారిస్ పెద్దమనుషుల పొయ్యిల వెనక ఉత్త గోడ ఉంటుంది కాబోలు. మా లొరేన్‌లో పొయ్యి వెనక గోడకి కన్నం పెట్టి ఆ కన్నంలో పలక నిలబెడతాం. పలకకి అవతల పక్క గది అల్మారా. వంటింట్లో మంట వేస్తే పలక కాగుతుంది, అల్మారా తలుపులు తెరిస్తే పక్క గది వెచ్చబడుతుంది. ఇక్కడ పుట్టినవాళ్లెవరికైనా తెలిసిన సంగతే. ఎవ్ర్‌కి తెలియదా? ఊళ్లో సగం పొయ్యిలు అతను కట్టినవే. పారిస్ కాగితం చదివేసరికి బుర్ర ఇంటి దగ్గర వదిలేసి వచ్చాడు.

పిలిపిస్తే వచ్చి అల్మారాలోకి చూశాడు. మొహం సున్నం కొట్టినట్టయింది.

"వదినా, చట్టంలో తిప్పమన్నారు. తిప్పాను. అటు పక్కన ఏముంటుందో వాళ్లు రాయలేదు."

"ఎన్ని ఇళ్లలో తిప్పావు?"

"ముప్పై ఒకటి."

అత్తయ్యకి మళ్లీ నవ్వు. "ఒరేయ్ ఎవ్ర్, ముప్పై ఒక్క పడగ్గదుల్లో పెట్టావా రాజుని! బతికున్నప్పుడు కూడా ఆయనకి అంత భాగ్యం పట్టలేదురా."

"నెమ్మదిగా పెద్దమ్మా, గోడలకి చెవులుంటాయి," అని తలుపులు మూసేశాడు.

నవంబరు 4

ఎవ్ర్ ఉలీ సుత్తీ పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. మళ్లీ తిప్పితే చట్టవిరుద్ధం, తిప్పకపోతే పడగ్గదిలో రాజు. అందుకని అల్మారాలోంచే చిహ్నాలు కొట్టేస్తున్నాడు. ఇవాళ మా వంతు అన్నాడు. వద్దన్నాను. పోత ఇనుము ఉలికి లొంగదు. పదిహేడేళ్లు మంటలో కాగిన పలక, దెబ్బ పడితే నిలువునా పగులుతుంది. ఇనుము గురించి తాపీ మేస్త్రీకి ఏం తెలుసు? నేను పోతపని వాడి పెళ్లాన్ని.

అల్మారా తలుపులు మూసుకుంటే చాలు, ఎవరు చూడొచ్చారు.

నవంబరు 9

ఎవ్ర్ మళ్లీ వచ్చాడు, మళ్లీ వద్దన్నాను. పగులుతుంది.

వాటిని చెక్కింది మాన్సుయి. డాలూ కిరీటమూ కొలిమి వాళ్ల పాత నమూనాలోవే, అందరి పలకల మీదా ఉండేవే. లిల్లీలు మాత్రం ఆయన విడిగా బేరి చెక్క మీద కొత్తగా చెక్కాడు. పెళ్లికి ముందు మా నాన్న బడి వెనక పెరట్లో, దడికి అవతల నిలబడి మా లిల్లీలని చూసేవాడు. నన్ను చూడ్డానికి వస్తున్నాడని ఊరంతా అనుకునేది. నిజంగా లిల్లీలనే చూస్తున్నాడని నాకు తెలిసి ఒళ్లు మండేది. రాజుగారి లిల్లీ నిటారుగా ఈటె మొనలా ఉంటుంది. ఈయన చెక్కినవి మెడ వంచి ఉన్నాయి, వాన కురిసిన మర్నాడు మా పెరట్లో ఉన్నట్టు. కొలిమి మేస్త్రీ తిట్టాడట, "రాజు లిల్లీలు తల వంచుతాయట్రా?" అని. "నాకు తెలిసిన లిల్లీలు ఇవే" అన్నాడట ఈయన. ఇసుకలో అచ్చు నొక్కి, ఇనుము పోసి, పెళ్లికి నెల ముందు తెచ్చి ఈ ఇంట్లో నిలబెట్టాడు. నాకు ముద్దుమాటలు చెప్పడం ఆయనకి ఎప్పుడూ చేతకాలేదు.

ఇదంతా ఎందుకు రాశానో. కారణం ఇది కాదు. పలక పగిలితే పొగ అత్తయ్య గదిలోకి వస్తుంది, అదీ సంగతి.

నవంబరు 16

పక్క ఊళ్లో కొలిన్యోన్‌ని పట్టుకెళ్లారు. పలక కూడా కాదు, కొట్టం కప్పు మీద గాలి ఎటు వీస్తోందో చూపే ఇనుప కోడిబొమ్మకి చిన్న కిరీటం ఉందట, తీయడం మరిచిపోయాడట. చేతులు కట్టేసి బండెక్కించారు. పెళ్లాన్ని ఎదురు ప్రశ్న వేసినందుకు మర్నాడు తీసుకెళ్లారు. ఇంటికి ముద్ర వేశారు, ఆవులు లోపల అరుస్తున్నాయట.

మా ఇంట్లో ఇద్దరం ఆడవాళ్లం. మాకెవరూ ఎదురు ప్రశ్న కూడా వేసిపెట్టరు.

రోజంతా ఒక్కచోట కూర్చోలేకపోయాను. మూడుసార్లు నేల కడిగాను.

నవంబరు 28

పిల్లిని చంకన పెట్టుకుని పెళ్లికి వెళ్లినట్టయింది నా బతుకు. మధ్యాహ్నం వానలో ఎవ్ర్ ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. పౌరుడు మారెల్. సైన్యానికి ఫిరంగుల కోసం చుట్టుపక్కల ఊళ్ల ఇనుమంతా లెక్క రాయడం, పలకలు తిప్పారో లేదో చూడటం అతని పని. చలికాలమంతా మా ఊరే మకాం. మా ఇంట్లో! అందరి ఇళ్లలోకీ మా అత్తయ్య గదే పెద్దదని ఎవరో చెప్పారట. ఎవ్ర్ నా కళ్లలోకి చూడలేదు.

అల్మారా తలుపులు మూయడానికి మాత్రమే సమయం దొరికింది. అత్తయ్య పరుపు వంటింట్లోకి లాగాను. మారెల్ వంటింట్లో తడి టోపీ తీసి నిలబడి పొయ్యి వైపు చూశాడు. బోసి ఇనుము. "పలక తిప్పి ఉంది" అని పైకి చదువుతూ కాగితం మీద రాసుకున్నాడు. ఇరవై ఆరేళ్లుంటాయి. దక్షిణాది మనిషి, ఆలివ్ తోటల వైపు. మా నవంబరు చూసి అప్పుడే ముక్కు ఎర్రబడింది.

"నేను చూసింది రాస్తాను, పౌరురాలా. చూడనిది రాయను. ప్రమాణం చేశాను," అన్నాడు.

కొత్త చట్టం ప్రకారం చిన్నా పెద్దా అందరినీ "నువ్వు" అనాలిట. అత్తయ్యని "నువ్వు" అనేముందు ఒక్క క్షణం గుటక వేస్తాడు పాపం.

"నా మొగుణ్ణే నలభై ఏళ్లు మీరు అన్నాను. నిన్ను నువ్వంటానా? సరే, అంటాను. కాళ్లు తుడుచుకుని లోపలికి రా నువ్వు," అంది అత్తయ్య.

నవంబరు 29

అతను ఊళ్లోకి వెళ్లగానే అల్మారాకి తాళం వేసేశాను. తాళంచెవి నా మెళ్లో తాడుకి ఉంది. నిన్న రాత్రి తలుపు తీసి ఉంటాడా? తీసి ఉంటే ఈపాటికి మేం బండి మీద ఉండేవాళ్లం. తీయలేదు.

సాయంత్రం సూపు తాగుతూ అన్నాడు, "గది బాగుంది, పౌరురాలా. కాస్త చల్లగా ఉంది."

"పాత ఇల్లు," అన్నాను.

డిసెంబరు 5

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాను. భోజనాల దగ్గర మారెల్ బంగాళాదుంప తొక్క తీస్తూ, మామూలుగా అడిగాడు:

"మీ తాపీ మేస్త్రీ ఎవ్ర్ ఉలి పని బాగా చేస్తాడట. చెరువు పక్క ఇంటామె పలక అరగంటలో అయిపోయిందట. ఇల్లంతా ఎంత వెచ్చగా ఉందో!"

"మాకు ఉలి పనేం లేదు," అన్నాను. "మాది ఉత్త పలక. మా ఆయన పోతపని చేసేవాడు, ఉత్త పలకలే పోసేవాడు. అల్మారాలో బట్టలున్నాయి, అత్తయ్యవి, తాళంచెవి ఎక్కడో పడిపోయింది, వెతుకుతున్నాను."

అల్మారా మాట అతను ఎత్తలేదు. నేనే ఎత్తాను. అత్తయ్య బల్ల కింద నా కాలు తొక్కింది.

అతను తొక్క మొత్తం తీసి, "సరే" అన్నాడు. మమ్మల్ని పరీక్షిస్తున్నాడు. మెత్తగా మాట్లాడేవాళ్లే ప్రమాదం.

డిసెంబరు 11

ఊళ్లో మిగతా ఇళ్లలో అల్మారాలు తెరిచే ఉంటున్నాయి. పిండి పొంగుతోంది, పళ్లు ఎండుతున్నాయి, పిల్లల మేజోళ్లు ఆరుతున్నాయి. మా ఇంట్లో వంటింటి పొయ్యిలో రెండింతల కట్టెలు వేస్తున్నాను, గోడ ద్వారా ఏమైనా వేడి వెళ్తుందేమోనని. వెళ్లడం లేదు. మారెల్ గదిలో కుండలో నీళ్ల మీద మంచు పొర గడుతోంది. ఉన్ని కోటు విప్పకుండానే రాసుకుంటున్నాడు.

వంటింట్లో పడుకోమని అత్తయ్య చెప్పింది. "కాగితాలున్న గది వదలకూడదు, అది నియమం," అన్నాడు. నియమాలూ అతనూ!

డిసెంబరు 13

రెండు రోజులు కొండ ఊళ్లకి వెళ్తున్నాడట. గుమ్మంలో నిలబడి చేతి తొడుగులు తొడుక్కుంటూ చాలాసేపు ఆలస్యం చేశాడు.

"ఎల్లుండి సాయంత్రం దాకా రాను, పౌరురాలా. ఇంట్లో పనులేమైనా ఉంటే... చప్పుడయ్యే పనులు... ఈలోగా చేసుకో. నాకు ఇబ్బంది ఉండదు."

"ఏం పనులు?"

"నాకేం తెలుసు, నీ ఇల్లు," అని వెళ్లిపోయాడు.

అత్తయ్య నా వైపు తిరిగింది. "వినపడిందా?"

"బట్టలు ఉతకడం గురించి అన్నాడు."

"బట్టలు ఉతికితే చప్పుడవుతుందా! చెవులున్నాయా నీకు, లేక అవి కూడా ఎవరైనా చెక్కి అతికించారా?"

డిసెంబరు 14

ఇల్లు ఖాళీగా ఉంటే ఎంత బాగుంది. అల్మారా తాళం తీసి తలుపులు రెండూ తెరిచాను. గంటలో గది గదంతా వెచ్చబడింది. మసి పట్టిన సందుల్లో పాత గుడ్డ పెట్టి లిల్లీలు తుడిచాను. ఎడమ పక్క లిల్లీ రేకు కొంచెం మందంగా ఉంటుంది, అక్కడ ఇసుక జారిందని మాన్సుయి పెళ్లయ్యాక కూడా ఏడాది పాటు సణిగేవాడు. దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎవ్ర్‌ని పిలుస్తానని అత్తయ్య రెండుసార్లు చెప్పులేసుకుంది. రెండుసార్లూ ఆపాను. పగులుతుందని చెప్పాను.

డిసెంబరు 15

మారెల్ తడిసి ముద్దయి వచ్చాడు. గదిలోకి వెళ్లాడు. అల్మారా తాళం చూసి ఉంటాడు. తలుపు దగ్గరికి వచ్చి నన్ను చూశాడు. కోపం లేదు. బాగా అలిసిపోయిన మనిషి చూపు. కోటు మళ్లీ తొడుక్కున్నాడు.

డిసెంబరు 19

మారెల్‌కి దగ్గు మొదలైంది. మామూలు జలుబే.

డిసెంబరు 25

చర్చికి తాళం, గంటని ఫిరంగికి కరిగించడానికి తీసుకెళ్లారు. ఈ పండగకి మా ఊరు ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. అత్తయ్య ఆల్బుఖరా సారా వెచ్చబెట్టి మారెల్‌కి ఇచ్చింది. "పండగని కాదులే, మందు," అంది. అతను తాగి, "మా అమ్మ అంజూరపళ్లతో పెడుతుంది, మందు," అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నవ్వుతుంటే అతనికి దగ్గొచ్చి, దగ్గు ఆగలేదు.

జనవరి 1, 1794

మారెల్‌కి జ్వరం. ఇటుకలు కాల్చి గుడ్డ చుట్టి కాళ్ల దగ్గర పెడుతున్నాం. పావుగంటకి చల్లారిపోతున్నాయి. ఈరోజు పంతొమ్మిదిసార్లు వంటింట్లోంచి గదికి తిరిగాను. నా చేతనైనదంతా చేస్తున్నాను.

జనవరి 3

నా చేతనైనదంతా చేస్తున్నాను.

జనవరి 4

చిట్లిన వేలికి గుడ్డ కట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు ఎలా వస్తే అలా రానీ.

పొద్దున్న మారెల్ లేవలేకపోయాడు. శ్వాస తీస్తుంటే ఛాతీలో తడి కట్టెల చప్పుడు. నేను ఇంకో ఇటుక నిప్పుల్లో పెట్టబోతుంటే అత్తయ్య నా చేతిలోంచి పట్టకారు లాక్కుంది.

"ఆపు, ఇంక ఇటుకలు చాలు. అక్కడ ఒకడున్నాడు, ఇరవై ఆరేళ్లవాడు. నా కొడుకు మట్టిలో ఉన్నాడు. ఇద్దరిలో ఎవడికి చలేస్తోందో నువ్వే చెప్పు."

"అత్తయ్యా, పలక పగులుతుంది..."

"వాడు నాకూ కొడుకే! నీకు పదకొండేళ్లు మొగుడైతే నాకు కడుపున పుట్టినవాడు. నాకు లేదా బాధ? కొడతావా, నన్ను కొట్టమంటావా?"

పద్నాలుగేళ్లు, పదకొండు కాదు.

కొట్టంలోకి వెళ్లి మాన్సుయి పనిముట్ల పెట్టె తెరిచాను. పైనే ఉంది ఉలి. పోత పోసి చల్లారాక పలక అంచుల్లో మిగిలే ఇనుప ముక్కల్ని ఆయన రోజూ ఈ ఉలితోనే కొట్టేసేవాడు. రోజూ. నా కళ్ల ముందే. పోత ఇనుము ఉలికి లొంగదని ఈ పుస్తకంలో రాసింది ఎవరు?

అత్తయ్య పొయ్యిలో మంట పక్కకి లాగి, సూపు కుండ ఆ నిప్పుల మీదకి జరిపింది. నేను గదిలోకి వెళ్లాను. మారెల్ కళ్లు తెరిచే ఉన్నాడు, నా చేతిలో సుత్తీ ఉలీ చూశాడు. మెళ్లో తాడు తీసి తాళంచెవి తిప్పాను. తలుపులు తెరవగానే వేడి మొహానికి కొట్టింది. ఇన్ని రోజులూ ఆ వేడంతా అక్కడే బందీగా ఉంది.

వెనకనుంచి మంచం కిర్రుమంది. చూస్తే, అతను రెండు చేతులతో పరుపు పట్టుకుని, ఒళ్లంతా ఈడ్చుకుంటూ అటు తిరుగుతున్నాడు. గోడవైపు తిరిగి దుప్పటి తల మీదకి లాక్కున్నాడు.

"గోడవైపు తిరిగాను, పౌరురాలా. నాకేం కనపడదు. కొట్టు."

"నీకు తెలుసా?"

"చూడనిది నాకు తెలియదు."

"మారెల్, ఎప్పట్నుంచి తెలుసు?"

దుప్పటి లోపల దగ్గు. చాలాసేపు. తర్వాత, "మొదటి రోజు సాయంత్రం మేజోళ్లు తడిశాయి. ఆరేద్దామని తలుపు తీశాను. మళ్లీ మూసేశాను. చూశానని ఒప్పుకుంటే రాయాలి. నువ్వు కొట్టించేస్తావని ఎదురు చూశాను. కొట్టు ఇంక, నాకు చాలా చలిగా ఉంది."

కొట్టాను. మొదటి లిల్లీ నాలుగు దెబ్బలకి లేచి ఎగిరి నా పాదాల దగ్గర పడింది. రెండోదానికి ఆరు పట్టాయి. మందం రేకున్న మూడోదానికి కళ్లలో నీళ్లు అడ్డం వచ్చి ఉలి జారింది, వేలు చిట్లింది. కిరీటం ఒక పట్టాన రాలేదు, దానికి పది దెబ్బలు. పలక పగల్లేదు. ఎక్కడా ఒక గీత కూడా పడలేదు. నేను సుత్తి కింద పెట్టేసరికి వంటింట్లో అత్తయ్య సూపు ఇంకా పొంగు రాలేదు.

అయిదు వారాలు అతను ఆ గదిలో గడ్డకట్టాడు. పని సూపు పొంగేంతసేపు కూడా లేదు.

"అయిపోయింది," అన్నాను.

అప్పుడు ఇటు తిరిగాడు. పలక వైపు చూశాడు. నాలుగు తెల్లటి గాయాలు, చుట్టూ డాలు అంచు. "అల్మారాలో రాజచిహ్నం లేదు," అని నెమ్మదిగా, రాసుకుంటున్నట్టు చదివాడు. తర్వాత రెండు చేతులూ వేడికి చాచాడు.

జనవరి 7

అత్తయ్య చెంచాతో తాగిస్తోంది. గదిలో కోటు అక్కర్లేదు. రాత్రి చెమట పట్టి జ్వరం తగ్గిందంటే ఇద్దరం ఎగిరి గంతేశాం. పొద్దున మళ్లీ వచ్చింది.

జనవరి 8

అతనితో మాట్లాడాలని మంచం పక్కన కూర్చున్నాను. క్షమించమని అడగాలి. లిల్లీలు మా పెరట్లోవని చెప్పడం మొదలుపెట్టాను. అంతా విన్నాడు. "అయితే అవి రాజుగారివి కానే కావు," అన్నాడు, తమాషాగా నవ్వుతూ. "ముందే తెలిసుంటే, పూలు అని రాసేవాణ్ణి."

అడగాల్సింది అడగలేదు. రేపు అడుగుతాను.

జనవరి 9

అతను పడుకున్నాడు, లేపడం ఎందుకని.

జనవరి 11

పట్నం నుంచి బండి వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్లమని పైనుంచి ఆజ్ఞ. ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. మనిషి గడ్డి మోపంత బరువున్నాడు. అత్తయ్య తన ఉన్ని శాలువా అతనికి చుట్టింది. బండి కదలబోతుంటే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వెళ్లొస్తానమ్మా. మీరు జాగ్రత్త."

"మీరా? చట్టం తప్పావు నాయనా! రాసుకో, రాసుకో," అంది అత్తయ్య. నవ్వబోయి చేత్తో నోరు మూసుకుంది.

నా వైపు తల ఊపాడు. నేనూ ఊపాను. ఇంతమంది ముందు క్షమాపణ ఎలా అడుగుతారు. నాకు ఏడుపు రాలేదు. రోజంతా ఇల్లు సర్దాను.

జనవరి 19

కబురు లేదు.

జనవరి 30

కబురు లేదు. దారులు మంచుతో మూసుకుపోయాయి, అందుకని.

ఫిబ్రవరి 6

ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. మొదటి పంక్తి తొమ్మిదిసార్లు రాసి కొట్టేశాను. అతను కోలుకున్నాక రాస్తే నయం.

ఫిబ్రవరి 21

ఎవ్ర్ వచ్చాడు, చంకలో ఊరి సభ రిజిస్టరు. కూర్చోమంటే కూర్చోలేదు. పొయ్యి దగ్గర నిలబడి టోపీ తిప్పుతున్నాడు. అత్తయ్య అతని మొహం చూసి చేతిలో కత్తి కింద పెట్టింది.

"ఎప్పుడురా?"

"పన్నెండు రోజులైంది, పెద్దమ్మా. ఛాతీ..." అని ఆగాడు. "కాగితాలు ఇవాళే వచ్చాయి. అతని లెక్కలన్నీ మూసేయమన్నారు. మకాం పెట్టిన ఇంటివాళ్లు సంతకం పెట్టాలి, వదినా."

రిజిస్టరు బల్ల మీద తెరిచాడు. మారెల్ చేతిరాత నాకు తెలుసు, పెన్ను నొక్కి పెట్టి రాస్తాడు. ప్రతి పది రోజులకీ ఒకసారి మకాం ఎలా ఉందో రాయాలట. నాలుగు పంక్తులున్నాయి, నాలుగు తేదీలు. మొదటిది అతను వచ్చిన మూడో రోజుది. నాలుగోది జ్వరం పట్టిన రోజుల్లోది, అక్షరాలు కొండ దిగుతున్నట్టు కిందకి జారిపోయాయి, ఆ తర్వాత రాసే ఓపిక లేకపోయింది.

ఎవ్ర్ పైకి చదివాడు. "పలక తిప్పి ఉంది. గది వెచ్చగా ఉంది. పలక తిప్పి ఉంది. గది వెచ్చగా ఉంది..."

"అబద్ధం," అన్నాను. "చూసిందే రాస్తానని ప్రమాణం చేశాడు."

"చల్లగా ఉందని రాస్తే ఎందుకని అడుగుతారు, వదినా. తనిఖీకి మనిషిని పంపుతారు. ఇక్కడికి." ఎవ్ర్ ఆ పంక్తుల మీద వేలు పెట్టాడు. "నాలుగుసార్లు రాశాడు."

అత్తయ్య లేచి అల్మారా గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఎవ్ర్ సిరా బుడ్డి నా ముందుకి జరిపాడు. నాలుగో పంక్తి కింద ఖాళీ చోటుంది. పైన చెప్పినదంతా నిజమని ధ్రువీకరిస్తున్నాను, అని ముందే రాసిపెట్టి ఉంది, దాని కింద గీత. "పెట్టకపోతే అడుగుతారు," అన్నాడు నెమ్మదిగా.

నా పూర్తి పేరు రాశాను. లిబేర్, మాన్సుయి భార్య. గది వెచ్చగా ఉందని సంతకం పెట్టాను.